జై పడ్డాడు, వీరు పడ్డాడు: మగ సింహాల దోస్తీ వెనుక అసలు లెక్క ఏమిటి?

హైదరాబాద్: పండుగ మరుసటి రోజు బహదూర్‌పురా రోడ్డు ఎలా ఉంటుందో పాతబస్తీ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆటోల్లో, బైకుల మీద, చంకలో పసిపిల్లలతో కుటుంబాలన్నీ జూ పార్కు గేటు దగ్గరే తేలతాయి. లోపలికి అడుగు పెట్టగానే పిల్లలు అడిగేది ఒకటే మాట: ‘షేర్ కిధర్ హై?’

తీరా చూస్తే ఆ షేర్ చెట్టు నీడలో కాళ్లు చాపుకొని పడుకొని ఉంటుంది. ‘రాజా కదా, ఆయనకేం పని’ అని పెద్దలు నవ్వేస్తారు. నిజానికి అడవిలో మగ సింహం బతుకు అంత తీరిగ్గా ఉండదు. దాని గద్దె రెండు మూడేళ్ల ముచ్చట. ఆ రెండు మూడేళ్లు కూడా పక్కన ఒక తోడు ఉంటేనే దక్కుతాయి. తోడు తప్పిన రోజు ఏమవుతుందో 2025లో గుజరాత్‌లోని గిర్ అడవి దేశానికంతా చూపించింది.

గిర్ టూరిస్ట్ జోన్‌లో రెండు మగ సింహాలు ఉండేవి. ఎప్పుడు చూసినా జంటగానే కనిపించేవి. అందుకే షోలే సినిమా దోస్తుల పేర్లు, జై, వీరు అని పెట్టేశారు. వాటి ఫొటోలు తీయని టూరిస్టు లేడు. ఒక దశలో రెండూ వేర్వేరు చోట్ల ఉండగా, పక్క ఇలాకాల మగ సింహాలతో విడివిడిగా కొట్లాటలు జరిగాయి. రెండూ గట్టిగా గాయపడ్డాయి. అటవీ శాఖ డాక్టర్లు ఎంత ప్రయత్నించినా లాభం లేకపోయింది. జూన్‌లో వీరు చనిపోయాడు, జూలై చివర్లో జై కూడా పోయాడు.

సినిమాలో ఒకడే పోతాడు. గిర్‌లో ఇద్దరూ పోయారు. ఎందుకిలా జరిగింది? మగ సింహాలకు తోడు ఎందుకు అంత ముఖ్యం?

పులికి లేని అవసరం

మన తెలంగాణలో అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాలు ఉన్నాయి. అక్కడి మగ పులి ఒంటరిగా తిరుగుతుంది, ఒంటరిగా వేటాడుతుంది, ఒంటరిగానే తన ఇలాకా కాపాడుకుంటుంది. పిల్లి జాతిలో దాదాపు అన్నిటి పద్ధతీ ఇదే.

సింహం కథ వేరు. సివంగులు గుంపుగా బతుకుతాయి. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు ఒకే చోట ఉండిపోతాయి. మగ పిల్లలకు మాత్రం మూడేళ్లు వచ్చేసరికి ఇల్లు వదలక తప్పదు. అప్పటి నుంచి రెండేళ్ల దాకా వాటికి ఊరూ లేదు, పేరూ లేదు. ఎవరి ఇలాకాలో అడుగు పెట్టినా తరిమేస్తారు. సరిగ్గా ఈ తిరుగుడు రోజుల్లోనే దోస్తీలు కుదురుతాయి. కలిసి పుట్టిన అన్నదమ్ములైతే సరే సరి. లేదంటే దారిలో తగిలిన మరో ఒంటరి మగ సింహంతో చేతులు కలుపుతుంది.

బలం వచ్చాక ఈ జట్టు వెళ్లి పాత మగ సింహాల మీద పడుతుంది. గెలిస్తే ఆ ఇలాకా, అక్కడి సివంగులు వాటివే. ఆ రోజు నుంచి కాపలా మొదలవుతుంది. రాత్రిళ్లు గర్జించడం, సరిహద్దుల్లో వాసన గుర్తులు పెట్టడం, చొరబడిన వాళ్లను తరమడం. ప్రశాంతమైన రాత్రి సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినబడుతుంది. ఆ గర్జనను అవతల మగ సింహాలు కూడా వింటాయి. ఎంతమంది గర్జిస్తున్నారో లెక్క పెట్టుకుంటాయి. ఒక్క గొంతే వినిపిస్తే ధైర్యం చేస్తాయి. రెండు మూడు గొంతులు వినిపిస్తే ఆలోచిస్తాయి.

లాభంలో వాటా ఎంత?

వ్యాపారం తెలిసిన వాళ్లకు ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. ఇద్దరు పార్ట్‌నర్లు ఉన్నారు సరే, లాభం సగం సగమేనా?

కాదు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థకు చెందిన స్తోత్ర చక్రవర్తి, యాదవేంద్రదేవ్ ఝాలా గిర్‌లో కొన్నేళ్లు సింహాల వెంట తిరిగి చూసి, 2017లో ఆ లెక్క బయటపెట్టారు. ప్రతి జట్టులో ఒక పెద్ద, ఒక చిన్న ఉంటారు. సివంగులతో జత కట్టే అవకాశాల్లో 70 శాతానికి పైగా పెద్దదే తీసుకుంటుంది. పెద్ద వేట దొరికినప్పుడు చిన్నదాని కన్నా 47 శాతం ఎక్కువ తింటుంది. కష్టం, గాయాలు, కాపలా మాత్రం ఇద్దరిదీ.

మరి చిన్న పార్ట్‌నర్ ఎందుకు వదిలి వెళ్లడు? వెళ్తే ఆ కాస్త కూడా దక్కదు కాబట్టి. ఒంటరి మగ సింహానికి ఇలాకా నిలబెట్టుకోవడమే కష్టం. పత్తర్‌గట్టిలో అన్న పెట్టిన దుకాణంలో తమ్ముడు చిన్న వాటాకు కూర్చుంటాడు. బయటికెళ్లి సొంతంగా పెడితే అద్దె కూడా రాదని తెలుసు కాబట్టి సర్దుకుంటాడు. ఇక్కడా అంతే. 30 శాతం చిన్నదే, కానీ సున్నా కన్నా పెద్దది.

పెద్దవాడికీ చిన్నవాడి అవసరం ఉంది. మొత్తం తానే మింగేస్తే తోడు జారిపోతుంది. తోడు జారితే ఇలాకా జారుతుంది. జై, వీరుల విషయంలో జరిగింది ఇదే. కొట్లాట వచ్చిన సమయానికి రెండూ పక్కపక్కన లేవు. జంటగా ఉంటే మీద పడే ధైర్యం చేయని వాళ్లు, విడిగా దొరికేసరికి పడ్డారు.

రక్త సంబంధం లెక్క కూడా ఒకటుంది. ఆఫ్రికాలోని సెరెంగెటిలో క్రెయిగ్ ప్యాకర్, ఆయన తోటి శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలు చేశారు. రెండు, మూడు సింహాల జట్లలో పరాయివాళ్లు ఉండొచ్చు. నాలుగు, అంతకు మించితే మాత్రం అందరూ అన్నదమ్ములో, చిన్నాన్న పెదనాన్న కొడుకులో అయి ఉంటారు. కారణం సులభమే. జట్టు పెద్దదయ్యే కొద్దీ చివరివాడి వాటా సున్నాకు దగ్గరవుతుంది. సొంత అన్న పిల్లలను కాపాడితే తన రక్తమే ముందుకు వెళ్తుంది. పరాయివాడి కోసం ఆ త్యాగం ఎవరు చేస్తారు?

సివంగి తెలివి

మగ సింహాల గెలుపు ఓటముల్లో అసలు నష్టపోయేది తల్లులు. కొత్త జట్టు వచ్చిందంటే పాత జట్టు పిల్లలను చంపేస్తుంది. వినడానికి కష్టంగా ఉన్నా దాని వెనుకా లెక్కే ఉంది. పిల్లలు ఉన్నంత కాలం, దాదాపు రెండేళ్లు, తల్లి మళ్లీ జత కట్టదు. కొత్తవాళ్ల గద్దె కాలమే రెండు మూడేళ్లు. అంత దాకా ఆగితే తమ పిల్లలు పుట్టకముందే గద్దె పోతుంది.

గిర్‌లో సివంగులు దీనికి ఒక ఉపాయం పెట్టుకున్నాయి. ఆఫ్రికాలో మగ సింహాలు సివంగుల గుంపుతో కలిసే ఉంటాయి. గిర్‌లో అలా కాదు. ఇక్కడ ఎక్కువగా దొరికేది చుక్కల దుప్పి. అది పెద్ద గుంపుకు సరిపోయే వేట కాదు. అందుకే సివంగులు చిన్న గుంపులుగా, మగవి వేరుగా తిరుగుతాయి. ఒకే సివంగుల గుంపు ఉండే చోట రెండు మూడు మగ జట్ల ఇలాకాలు కలుస్తాయి. దాంతో సివంగి ఒక్క జట్టుతో ఆగకుండా, చుట్టుపక్కల జట్లన్నిటితోనూ జత కడుతుంది. పుట్టిన పిల్లలు ఎవరివో ఏ మగ సింహానికీ తెలియదు. తనవే కావచ్చన్న అనుమానంతో ఎవరూ ముట్టరు. 2019లో ఇదే శాస్త్రవేత్తలు ఈ సంగతి రాశారు.

ఆరుగురు ఉన్నా చివరికి అంతే

మరి ఇద్దరు కాకుండా ఆరుగురు ఉంటే ఎదురే ఉండదా? దక్షిణాఫ్రికాలో క్రూగర్ పక్కనున్న సాబీ సాండ్ రిజర్వులో అలాంటి జట్టు ఒకటి ఉండేది. పేరు మపోగో. 2006 ప్రాంతంలో ఆరు మగ సింహాలు కలిసి వచ్చి, ఎదురుపడిన జట్లను, పిల్లలను చంపుకుంటూ పోయాయి. కొన్నేళ్ల పాటు వాటికి ఎదురు లేదు.

బయటి శత్రువు లేకపోయేసరికి లోపల గొడవలు మొదలయ్యాయి. ఆరు కాస్తా నాలుగు, రెండుగా చీలిపోయాయి. 2010లో మజింగిలాన్ అనే కొత్త జట్టు వచ్చి విడిపోయిన ఆ రెండింటిలో ఒకదాన్ని చంపేసింది. మిగిలినది తిరిగి అన్నదమ్ముల దగ్గరికి చేరింది. 2012లో మరో కొత్త జట్టు చేతిలో అదీ పోయింది. చివరికి మిగిలినవి ముసలివై ఇలాకా వదిలేశాయి. ఆరు కలిసి ఉన్నంత కాలం ఎవరూ ముట్టలేకపోయారు, చీలిన తర్వాతే పడ్డాయి.

నవాబులు కాపాడిన అడవి

ఒకప్పుడు ఇరాన్, ఇరాక్ మీదుగా ఉత్తర, మధ్య భారతం దాకా సింహాలు ఉండేవి. వేటలో పోగా, 20వ శతాబ్దం వచ్చేసరికి భారత్‌లో గిర్ ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆ అడవి జునాగఢ్ సంస్థానంలో ఉండేది. అక్కడి నవాబులు, ముఖ్యంగా రసూల్ ఖాన్, ఆయన తర్వాత మూడో మహబత్ ఖాన్, వేటను కట్టడి చేశారు. పెద్ద పెద్ద వైస్రాయ్‌లు, రాజులు వేటకు వస్తామన్న రోజుల్లో అది చిన్న విషయం కాదు. 1936 లెక్కల్లో 287 సింహాలు తేలాయి. ఆ కాపాడటమే లేకపోతే నేడు ఆసియా సింహం పుస్తకాల్లో బొమ్మగానే మిగిలేది.

గిర్ చుట్టుపక్కల సిర్వాన్, జాంబూర్ లాంటి ఊళ్లలో సిద్దీలు ఉంటారు. ఆఫ్రికా మూలాలున్న ముస్లింలు. హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో నిజాం ఆఫ్రికన్ దళం వారసులను ఎరిగిన వాళ్లకు ఆ ముఖాలు పరిచయమే అనిపిస్తాయి.

సంఖ్య పెరిగింది, చోటు పెరగలేదు

1968లో 177కి పడిపోయిన సంఖ్య 2015లో 523, 2020లో 674, 2025 మేలో 891 అయింది. ఈ 891లో పెద్ద మగవి 196, పెద్ద ఆడవి 330. మగవి ఇంత తక్కువ ఉండటానికి ఇప్పటిదాకా చెప్పుకున్న కొట్లాటలూ ఒక కారణం. పార్కు లోపల ఇలాకాలు నిండిపోవడంతో సగానికి పైగా సింహాలు ఇప్పుడు గిర్ జాతీయ పార్కు బయటే, పొలాలు, ఊళ్లు, సముద్ర తీరం పక్కన తిరుగుతున్నాయి. తరిమేసిన కుర్ర మగవి ఎక్కడికి పోతాయి? బావులు, రైలు పట్టాలు, కరెంటు కంచెలు ఉన్న చోటికే.

అంతకన్నా పెద్ద ముప్పు జబ్బు. 2018 సెప్టెంబర్‌లో గిర్‌లోని దల్ఖానియా రేంజ్‌లో 23 సింహాలు వరుసగా చనిపోయాయి. కుక్కల నుంచి వచ్చే డిస్టెంపర్ వైరస్ వాటిలో కనిపించింది. ఇదే వైరస్ 1994లో సెరెంగెటి సింహాల్లో మూడో వంతును తీసుకుపోయింది. పెట్టుబడి అంతా ఒకే దుకాణంలో పెట్టకూడదని ఏ వ్యాపారిని అడిగినా చెబుతాడు. సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. కొన్ని సింహాలను ఆరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించాలని 2013 ఏప్రిల్ 15న ఆదేశించింది. సింహాలు ఇంకా వెళ్లలేదు. 2022 సెప్టెంబర్‌లో అదే కూనోలో నమీబియా చీతాలు దిగాయి.

మన జూలో పరిస్థితి

మీర్ ఆలం చెరువు పక్కనున్న నెహ్రూ జూ పార్కు 1963లో తెరుచుకుంది. ఇక్కడి సింహానికి ఇలాకా కోసం కొట్లాట లేదు, ఆకలి లేదు. అడవిలో మగ సింహం పదీ పన్నెండేళ్లు బతికితే గొప్ప. జూలో అంతకన్నా చాలా ఎక్కువ కాలం బతుకుతుంది. కానీ ముప్పు లేదని కాదు. 2021 మేలో ఇక్కడి ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకింది. దేశంలో జంతువులకు కరోనా తేలిన మొదటి సంఘటన అదే. అత్తాపూర్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ల్యాబ్ ఉంది, ఆ పరీక్షలు చేసింది అక్కడి శాస్త్రవేత్తలే. సింహాలన్నీ కోలుకున్నాయి. వైరస్ మనుషుల నుంచే వాటికి చేరి ఉంటుందని అధికారులు భావించారు.

దూరం నుంచే చూడాలి, అరవొద్దు, ఏమీ విసరొద్దు అని జూ సిబ్బంది చెప్పేది ఇందుకే. అవి మనల్ని ఏమైనా చేస్తాయన్న భయం ఒక్కటే కాదు, మన వల్ల వాటికి ఏమైనా అవుతుందన్న భయం కూడా.

హైదర్ అంటే సింహం. ఆ మాట మీదే పేరున్న నగరం మనది. ఈసారి పిల్లలు ‘షేర్ కిధర్ హై’ అని అడిగినప్పుడు, నీడలో పడుకున్న ఆ ఒక్క సింహాన్ని చూపించి జై, వీరుల సంగతి కూడా చెప్పండి. అడవిలో రాజును నిలబెట్టేది గర్జన ఒక్కటే కాదని, ఆ గర్జనకు పక్కనే ఉండి జవాబిచ్చే రెండో గొంతు కూడా అని పిల్లలకు తెలుస్తుంది.