రాగిరేకు – మైలుతుత్తము – మన చెరువు

ద్రాక్షతోటలకు బోర్డో మిశ్రమము చల్లిన శంషాబాదు ప్రాంతపు రైతులకు రాగియొక్క గుణదోషములను మేము క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. నూరు లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము అను లెక్క అందరికిని తెలిసినదే. సున్నము తగ్గినచో బూజుతోబాటు ఆకును మాడిపోవును. ఆ రాగియే నేడు మరియొక రూపమున మన యిండ్లలోనికి వచ్చుచున్నది.

నీళ్లతొట్టి నిండగనే గంట మ్రోగించు చిన్న పరికరములను చదువుకొనుచున్న మన పిల్లలు ఇంటనే చేయగలరు. వానికి ఆధారము సర్క్యూటు బోర్డు. తీగలకు మారుగా పలకమీది రాగిగీతలనే విద్యుత్తునకు దారులుగా వాడు పద్ధతిని, పాల్ ఐస్లర్ అను ఆస్ట్రియా దేశీయుడు 1936 ప్రాంతమున లండనులో ఒక రేడియోయందు చేసి చూపెను. మన హైదరాబాదులో 1967లో ఏ. యస్. రావుగారి నాయకత్వమున ఇ.సి.ఐ.యల్. సంస్థ వెలసినది.

పని కష్టమైనది కాదు. రాగిరేకు అతికిన పలకను కోఠిలోని గుజరాతీ గల్లీలో కొనవచ్చును. దానిని శుభ్రముగా తోమి, కావలసిన గీతలను చెరగని సిరాతో గీయవలెను. ప్లాస్టిక్ పళ్లెములో ఫెర్రిక్ క్లోరైడు ద్రావణము పోసి, పలకను ముంచి మెల్లగా కదుపుచుండవలెను. సిరా లేనిచోట రాగి కరగిపోవును. సిరా క్రింది రాగి నిలుచును. పిమ్మట పలకను కడిగి, సిరా తుడిచి, సన్నని రంధ్రములు వేయవలెను. పొడిని నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెనే గాని, పొడిమీద నీరు పోయరాదు. మిక్కిలి వేడి పుట్టును. చేతులకు తొడుగులును కండ్లకు అద్దములును తప్పవు. మైలుతుత్తమునకువలెనే దీనికిని ఇనుపపాత్ర పనికిరాదు. ఇట్టి బోర్డును చిన్న బ్యాటరీ పనులకే వాడవలెను. బోరుమోటారు స్టార్టరునకు ఎన్నడును వాడరాదు.

అసలు చిక్కు పని ముగిసిన తరువాతనే కలదు. మేము మొదటిసారి చేసినప్పుడు మిగిలిన నీటిని దొడ్డిలో తోటకూరమడి ప్రక్కన పారబోసితిమి. పదిమందికి పాఠములు చెప్పు మేమే ఆ తప్పు చేసితిమి! వారములో మడి మాడిపోయెను. ఆ నీటిలో పలకనుండి కరగిన రాగి యంతయు నుండును. కొంచెము రాగియైనను చేపలకు విషము.

దీనికి మందు మన చేతిలోనే యున్నది. ఆ నీటిని ప్లాస్టిక్ బకెట్టులో పోసి, సున్నపుపాలను కొంచెము కొంచెముగా కలుపవలెను. ఎర్ర లిట్మసు కాగితము నీలమగునప్పటికి రాగియు ఇనుమును మడ్డియై అడుగునకు దిగును. బోర్డో మిశ్రమమునకు చేయు కత్తి పరీక్షనే ఇక్కడను చేయుడు: మెరుగుపెట్టిన కత్తిని ముంచగా ఎర్రని పూత పట్టినచో సున్నము చాలలేదని యర్థము. పైనీటిని సయితము పొలమున పోయక, వెడల్పు పళ్లెములో ఎండనిచ్చి, మిగిలినదంతయు మూతగల డబ్బాలో భద్రపరుపవలెను.

ఒక్కొక్క యింటి డబ్బా చిన్నదే. సంఘమువారు అన్నిటిని ఒకచోట చేర్చి, దుండిగల్లునందలి ప్రమాదకర వ్యర్థముల కేంద్రమునకు పంపు ఏర్పాటు చేసినచో ఎవరికిని భారముండదు. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడు అప్పచెరువు తెగి, నీరు జాతీయ రహదారి మీదుగా పారినది. నీటికి గట్టులేదు, సర్వే నంబరు లేదు. మన దొడ్డిలో పోసినది పొరుగువాని బావికి చేరకుండ చూచుటయే సహకారము.