సెల్లారు గోడకు రంగు వేసే ముందు

దగ్గు తగ్గలేదని వచ్చినవారిని వైద్యుడు ఏమి తింటున్నారని అడుగుతాడు, నిద్ర ఎట్లా ఉన్నదని అడుగుతాడు. ఏ గదిలో నిద్రిస్తున్నారని అడగడం మాత్రం అరుదు.

మాకు తెలిసిన ఒక కుటుంబం కొండాపూర్‌లో వాలు నేల మీద కట్టిన ఇంట్లో నివసిస్తున్నది. వీధి నుండి చూస్తే అది రెండంతస్తుల ఇల్లు. దాని క్రింద, సగానికి పైగా భూమిలోనికి దిగి, ఒక పెద్ద గది ఉన్నది. ఉద్యోగాలు ఇంటి నుండే చేసుకొనే రోజులలో తండ్రీకొడుకులు సెలవు దినాలలో శ్రమపడి ఆ గదికి స్వయంగా రంగులు వేశారు. మెట్లెక్కే బాధ తప్పుతుందని, చల్లగా ఉంటుందని ఇంట్లోని పెద్దావిడకు పడకగదిగా ఇచ్చారు. నెల తిరగకముందే ఆమెకు రాత్రి దగ్గు, తెల్లవారుజామున ఆయాసం పట్టుకొన్నవి. తులసి, మిరియాల కషాయం ఇచ్చారు. కరక్కాయ బుగ్గన పెట్టించారు. చివరకు పీల్చే మందు కూడా వచ్చింది. వానలు ముదిరిన తరువాత గోడ మీది రంగు పొక్కులు లేచి రాలింది. దాని వెనుక నల్లని బూజు! పడకను పై అంతస్తుకు మార్చిన తరువాతనే కషాయం పని చేయడం మొదలైంది.

ఒక్క ఇంటి అనుభవంతో కారణాన్ని నిర్ధారించలేమన్నది నిజమే. అయితే చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పినవి. మన ప్రాచీనులకు కూడా ఇది తెలియని సంగతి కాదు. తమకశ్వాస మేఘాల వలన, నీటి వలన, చలి వలన వృద్ధి పొందుతుందని చరకసంహిత చెబుతున్నది. అదే గ్రంథంలోని ఉపకల్పనీయాధ్యాయం రోగిని ఉంచదగిన ఇంటిని వర్ణిస్తూ, అది దృఢంగా ఉండి, ఈదురుగాలికి మరుగై, ఒక వైపు నుండి మాత్రం గాలి ఆడుతూ ఉండవలెనని, పొగ, ఎండ, నీరు, ధూళి, దుర్గంధం దరిచేరరాదని విధించింది. రంగు వేయబూనిన సెల్లారును ఈ కొలతతోనే పరీక్షించుకొనవచ్చును.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఈ సమస్య ఎక్కువగా కనిపించడానికి కారణం అక్కడి నేలలోనే ఉన్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి ఆ చుట్టుప్రక్కల రాతి గుట్టలు విస్తారంగా ఉండేవి. పైన కొద్దిపాటి మొరము, దాని క్రింద నల్లరాయి. వాననీరు మొరములో ఇంకుతుంది గాని రాతిని దాటి లోనికి పోలేదు. రాతి మీదుగా, దాని పగుళ్ళ వెంట ప్రక్కకు నడుస్తుంది. ఆ రాతినే తొలిచి సెల్లారు కట్టినప్పుడు నీటి దారిలో మన గోడ అడ్డుగా నిలుస్తుంది. పెద్ద భవనాలలో ఊట నీటిని గుంటలోనికి చేర్చి మోటారుతో తోడుతూ ఉండడం చూచే ఉంటారు. సొంత ఇంటి సెల్లారుకు ఆ ఏర్పాటు సాధారణంగా ఉండదు. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగినవి. అట్లా మునిగిన గోడ పైకి ఆరినట్లు కనిపించినా, లోపలి తడి పోవడానికి నెలలు పడుతుంది.

(అపార్టుమెంటు సెల్లార్లు వాహనాల కొరకు ఉద్దేశించినవి. వాటిలో గదులు కట్టుకొని నివసించడం నిబంధనలకు విరుద్ధం. ఇక్కడ చెబుతున్నది సొంత ఇళ్ళలోని గదుల సంగతి మాత్రమే.)

మన వాడుకలో రంగులు వేసేది దసరాకు, దీపావళికి. పై అంతస్తులకు ఇబ్బంది లేదు. భూమిలోని గోడకు మాత్రం ఇది అన్నిటికంటె చెడ్డ కాలం. నాలుగు నెలల వాననీటిని త్రాగి ఆ గోడ అప్పుడే నిండుగా ఉంటుంది. కనుక వానాకాలంలో రోగ నిర్ణయం, ఎండాకాలంలో చికిత్స అన్న పద్ధతి పెట్టుకొనవలెను. శ్రావణ, భాద్రపదాలలో ఏ గోడ, ఏ మూల, ఎంత ఎత్తు వరకు తడుస్తున్నదో బొగ్గుతో గీతలు గీసి ఉంచుకొనండి. రంగు ఫాల్గుణం తరువాత చూచుకొనవచ్చును.

తడి భూమి నుండి వస్తున్నదా, గాలి నుండి వస్తున్నదా అని తెలుసుకొనడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉన్నది. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒక పగలూ రాత్రీ ఉంచండి. నీటి బిందువులు కాగితానికి లోపలి వైపున ఉంటే తడి గోడలోనిదే. గది వైపున ఉంటే గాలిలోని తేమ చల్లని గోడకు తగిలి నీరవుతున్నదని అర్థం. రెండవదానికి కిటికీ, గాలిని బయటకు నెట్టే పంకా చాలును. మొదటిదానికి ఏ రంగూ మందు కాదు. ఇంటి కప్పు నీరు గోడ మొదట పడకుండా గొట్టంతో దూరంగా మళ్ళించడం, గోడ ప్రక్క నేలను బయటి వైపుకు వాలుగా చేయడం, నీరు కారే గొట్టాలను, పగుళ్ళను బాగుచేయించడం ముందు జరగవలెను. నీటిని ఆపుతుందని లోపలి నుండి దళసరి రంగు పూస్తే, వెనుక నుండి నీరు త్రోసినప్పుడు అది పొక్కి ఊడిపోతుంది. గోడ మీద తెల్లగా చవుడు పొడి లేచినచోట కూడా అంతే. చవుడును తీగ బ్రష్షుతో పొడిగా దులపవలెనే గాని కడుగరాదు. కడిగితే ఉప్పు కరిగి మరల గోడలోనికే పోతుంది.

బూజును పొడిగా గీకడం మంచిది కాదు. దాని ధూళి ఊపిరితిత్తులలోనికి చేరుతుంది. విద్యుత్తు ఆపివేసి, ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, సబ్బు నీటితో తుడిచి ఆరనివ్వండి. బూజు లోతుగా పట్టి గుల్లబారిన సిమెంటు పూతను కొట్టివేయించి క్రొత్తది వేయించడమే మేలు. బ్లీచింగ్ పౌడరు వాడేవారు దానిని యాసిడ్‌తో ఎన్నడూ కలుపరాదు. మూసిన గదిలో వెలువడే ఆ విషవాయువు ప్రాణాంతకం. సాంబ్రాణి, వేపాకు పొగ వేస్తే వాసన మరుగుపడుతుంది గాని బూజు పోదు. పైగా ఆ పొగ ఆయాసం ఉన్నవారికి హాని చేస్తుంది. గృహవైద్యాన్ని అభిమానించే మేము ఈ మాట చెప్పక తప్పదు.

పాత రంగును గీకేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఇండ్ల రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమాలు 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. అంతకు పూర్వపు రంగులలో, ముఖ్యంగా తలుపులకు, ఊచలకు వేసిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్‌లో సీసం ఉండవచ్చును. అది పసిపిల్లల మెదడుకు చేటు. ఉప్పు కాగితంతో పొడిగా రుద్దక తడిపి రుద్దండి. రాలిన పెచ్చులను తడిగుడ్డతో ఎత్తి మూట కట్టి పారవేయండి. ఆ రెండు మూడు దినాలు పిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ దరికి రానీయరాదు.

ఇక ప్రైమర్ సంగతి. దీనిని అనవసరపు ఖర్చని వదిలివేసేవారున్నారు. సిమెంటు పూత స్వభావం రెండు విధాల రంగుకు ప్రతికూలం. అది ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా తడిని పీల్చుతుంది. పైగా క్రొత్తదైనపుడు తీవ్రమైన క్షారగుణం కలిగి ఉండి రంగును కొరుకుతుంది. అందుచేత క్రొత్త పూతను కనీసం 28 దినాలు ఆరనివ్వవలెను. ప్రైమర్ గోడ పీల్చుకొనే గుణాన్ని సమం చేసి, పై రంగుకు పట్టు ఇస్తుంది. నీటిలో కలిపే సిమెంటు ప్రైమర్‌ను, క్షారానికి తట్టుకొనే రకం చూచి కొనండి. డబ్బా మీద వ్రాసినంత నీరే కలుపవలెను. సరుకు కలసివస్తుందని నీళ్ళు పోస్తే పట్టు పోతుంది. లప్పం పెట్టదలచినచో తెల్ల సిమెంటుతో చేసినది పలుచగా రెండు పూతలు చాలు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చెమ్మకు మెత్తబడుతుంది కనుక సెల్లారులో పనికిరాదు. లప్పం ఆరి నునుపు చేసిన తరువాత మరొకసారి ప్రైమర్, దాని మీద నీటి ఎమల్షన్ రెండు పూతలు. ప్రతి పూతా పూర్తిగా ఆరిన తరువాతనే మరొకటి వేయండి. పై గదిలో నాలుగైదు గంటలలో ఆరే పూత గాలి ఆడని సెల్లారులో మరునాటికి గాని ఆరకపోవచ్చును.

కొంత చెమ్మ తప్పదనుకొన్న గోడకు మా సలహా సున్నమే. ఇంతకు ముందు రంగు, లప్పం ఎక్కని గోడకు అది బాగా పట్టుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడుతుంది, గోడలోని తడిని ఆవిరిగా బయటకు పోనిస్తుంది. దాని క్షారగుణం ఉన్నంత కాలం బూజు ఎదగదు. ఆ గుణం క్రమంగా తగ్గుతుంది కనుకనే మన పెద్దలు ఏటా వెల్ల వేసేవారు. పట్టు కొరకు సున్నంలో ఉప్పు కలిపే అలవాటు కొందరికి ఉన్నది. ఉప్పు తేమను ఆకర్షిస్తుంది, భూమిలోని గోడకు వద్దు. సున్నం కంటిలో పడితే చాలా ప్రమాదం. కళ్ళద్దాలు ధరించవలెను. పడినచో పావుగంటకు తగ్గకుండా మంచినీటితో కడిగి వెంటనే కంటి వైద్యునికి చూపవలెను.

టర్పెంటైన్, థిన్నర్ కలిపే నూనె రంగులను సెల్లారు గోడలకు వాడవద్దు. వాటి ఆవిరి గాలికంటె బరువైనది. మెట్లెక్కి బయటకు పోక నేల మీదనే పేరుకొంటుంది. తలనొప్పి, వికారం ఒక ఎత్తు. అగరుబత్తి నిప్పు, స్విచ్చి మెరుపు అంటుకొనే ప్రమాదం మరొక ఎత్తు. నీటి రంగులకు ఆ భయం లేకున్నా వాసన మాత్రం ఉంటుంది. పంకాను గదిలోనికి కాక బయటకు వీచేటట్లు పెట్టి, వాసన పూర్తిగా పోయే వరకు, తక్కువలో తక్కువ వారం దినాలు, అక్కడ ఎవరినీ పడుకోనివ్వరాదు. ఉబ్బసం ఉన్నవారైతే మరికొన్ని దినాలు ఆగవలెను.

సామాను సర్దేటప్పుడు బీరువాలను, మంచాన్ని గోడకు ఆనించక జానెడు ఎడం ఉంచండి. మొదటి వానాకాలంలో వారానికొకసారి ఆ సందులోనికి దీపం పెట్టి చూచి, వాసన పట్టి చూడండి. ముక్క వాసన వస్తే పడకను పైకి మార్చివేయండి. రంగు సంగతి తరువాత.