రౌటర్ పేజీ తెరుచుకోకపోతే

హైదరాబాద్ ఆబిడ్స్‌లో పాత కాంప్లెక్సుల మెట్లెక్కితే ప్రతి షాపులోనూ గోడ మీద ఒక వైఫై డబ్బా కనిపిస్తుంది. నాంపల్లి స్టేషన్ రోడ్డు లాడ్జీల్లోనూ అంతే. పని మానేసి వెళ్లిన కుర్రాడికి తెలిసిన వైఫై పాస్‌వర్డ్ మార్చాలంటే మాత్రం ఓనరు నెట్ వాళ్లకి ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా ఎదురుచూస్తాడు. నిజానికి ఆ పని ఐదు నిమిషాల్లో తనే చేసుకోవచ్చు. ఆగిపోయేదల్లా మొదటి మెట్టు దగ్గర: డబ్బా కింద స్టిక్కర్ మీదున్న అంకెలు బ్రౌజర్‌లో కొడితే రౌటర్ సెట్టింగ్స్ పేజీ రాదు.

ముందు ఆ అంకెల సంగతి. 192.168తో మొదలయ్యే అడ్రస్‌లను ఇళ్ల లోపల, ఆఫీసుల లోపల వాడుకోవడానికని 1994లో విడిగా కేటాయించారు. నాంపల్లిలో దాదాపు ప్రతి లాడ్జిలోనూ 101 నంబరు గది ఉంటుంది. ఏ లాడ్జిలో ఉన్నారో తెలిస్తేనే ఆ నంబరుకి అర్థం. 192.168.1.1 కూడా అలాంటిదే. మీ షాపులో అది మీ రౌటర్, పక్క షాపులో వాళ్ల రౌటర్. ఆ పేజీ ఎక్కడో సర్వర్‌లో లేదు, మీ డబ్బా లోపలే ఉంది. అందుకే నెట్ పోయి ఎర్ర లైటు వెలుగుతున్నప్పుడు కూడా పేజీ తెరుచుకుంటుంది. చాలామంది నెట్ లేదు కదా అని ప్రయత్నమే చేయరు. దాని అవసరం పడేది అప్పుడే!

మొదట చూడాల్సింది అంకెలు ఎక్కడ కొడుతున్నారన్నది. గూగుల్ వెతుకుడు పెట్టెలో కొడితే రౌటర్ లాగిన్‌కి సాయం చేస్తామనే ఎవరెవరివో సైట్లు వరుసగా వస్తాయి. వాటిలో ఏ ఒక్కటీ మీ రౌటర్ కాదు, అక్కడ పాస్‌వర్డ్ ఇవ్వకండి. అంకెలు పైనున్న అడ్రస్ బార్‌లోనే పడాలి. చుక్క బదులు కామా పడినా, ఒకటి బదులు ఇంగ్లిషు ఎల్ అక్షరం పడినా రాదు. బ్రౌజర్ మొండికేస్తే అంకెల ముందు హెచ్‌టీటీపీ, కోలన్ (ఒకదాని మీద ఒకటి ఉండే రెండు చుక్కలు), రెండు ఏటవాలు గీతలు పెట్టి చూడండి. కొన్ని బ్రౌజర్లు తమంతట తామే హెచ్‌టీటీపీఎస్‌కి మార్చి ప్రయత్నిస్తాయి, పాత రౌటర్లకి అది రాదు.

ఇక అంకెలే తప్పయితే? ఇక్కడ ఊహించడం మానాలి. జియోఫైబర్ డబ్బాకి 192.168.29.1, డీ-లింక్‌కి ఎక్కువగా 192.168.0.1, సిమ్ వేసి వాడే జియోఫైకి 192.168.225.1. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో స్టాల్ పెట్టి, సిమ్ డబ్బాతో కార్డు మెషిన్ నడిపేవాళ్లకి ఇంటి రౌటర్ నంబరు పనికిరాదు. ఎవరో చెప్పిన నంబరు కన్నా మీ ఫోన్ చెప్పేది నమ్మండి. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరు కలిసిన నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే గేట్‌వే అని ఉంటుంది. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కన ఐ గుర్తు నొక్కితే రౌటర్ అని ఉంటుంది. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, ఐపీకాన్ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే చూపిస్తుంది. మీ పరికరం బయటికి వెళ్లే దారి అదే.

నంబరు సరైనదే అయినా పేజీ రాకపోతే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి చూడండి. వైఫైలో నెట్ లేదని గమనించిన ఫోన్ చడీచప్పుడు లేకుండా సిమ్ వైపు మళ్లుతుంది. అటువైపు మీ రౌటర్ ఉండదు. వీపీఎన్ ఉంటే అదీ ఆపాలి. గెస్ట్ వైఫైలో ఉంటే పేజీ తెరుచుకోకపోవడం సహజం, కస్టమర్లు లోపలికి రాకూడదనే దాన్నలా పెడతారు.

ఆబిడ్స్ షాపుల్లో ఎక్కువ తికమక పెట్టేది రెండు డబ్బాల వ్యవహారం. ఫైబర్ వాళ్లు ఇచ్చిన డబ్బా గుమ్మం దగ్గర ఒకటి, వెనక గోడౌన్‌కి సిగ్నల్ అందడం లేదని కొన్న రౌటర్ ఇంకొకటి. రెండూ 192.168.1.1 అయితే గొడవ. కొన్ని రౌటర్లు అది పసిగట్టి తమ నంబరు తామే మార్చుకుంటాయి, స్టిక్కర్ మీద మాత్రం పాత నంబరే ఉంటుంది. రెండో డబ్బాని సిగ్నల్ మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి ఉంటే సాధారణంగా దానికి నంబరిచ్చేది మొదటి డబ్బా. అప్పుడు గేట్‌వే చూసినా మొదటి దాని పేజీకే వెళతారు. అలాంటప్పుడు ఆ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ అనే జాబితా తెరిస్తే రెండో రౌటర్ పేరు, దాని నంబరు దొరుకుతాయి. ఈ చిక్కు తెలియక మంచి రౌటర్‌ని చెడిపోయిందని పక్కన పడేసిన వాళ్లున్నారు.

వైఫై బదులు ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి చూడటం ఎప్పుడూ మంచిదే. అయితే కేబుల్‌ని ల్యాన్ అని రాసిన రంధ్రంలో పెట్టండి. విడిగా, తరచూ వేరే రంగులో ఉండే వ్యాన్ రంధ్రంలో పెడితే పేజీ రాదు, అటువైపు నుంచి ఎవరూ రాకుండా రౌటర్ తలుపు మూసే ఉంచుతుంది. కంప్యూటర్ నంబరు 169.254తో మొదలైతే రౌటర్ నుంచి దానికి అడ్రస్ అందలేదని అర్థం. కేబుల్ మార్చి, డబ్బా ఆపి మళ్లీ వేయండి.

పేజీ వచ్చాక అడిగేది అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫైది కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉండొచ్చు, లేదా బిగించిన వాళ్లు మార్చి ఉండొచ్చు. వాళ్లని అడిగి తీసుకోండి, సంకోచం అక్కర్లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌నే ఉంచేయడం ప్రమాదం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అలాంటివి అరవైకి పైగా వరుసగా ప్రయత్నించి లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. వాటితో జరిగిన దాడికి ఆ అక్టోబరులో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. బ్రిటన్ 2024 నుంచి అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలు అమ్మడాన్ని చట్టంతో ఆపేసింది. మన దగ్గర ఆ జాగ్రత్త మనమే పడాలి.

పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేకపోతే రీసెట్ ఒకటే దారి. వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కితే అన్నీ చెరిగిపోతాయి. చెరిగిపోయే వాటిలో నెట్ వాళ్లు ఎక్కించిన పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా ఉంటాయి. అవి లేకపోతే పేజీ తెరుచుకుంటుంది గానీ నెట్ రాదు. కాబట్టి ముందు ఆ రెండూ అడిగి కాగితం మీద రాసుకున్నాకే పిన్ను ముట్టుకోండి. ఫైబర్ వైరు నేరుగా వచ్చి కలిసిన డబ్బాని మాత్రం మీరుగా రీసెట్ చేయకండి. అందులో కంపెనీ సెట్టింగ్స్ ఉంటాయి, అవి పోతే మళ్లీ వాళ్ల మనిషే రావాలి. మీరు కొన్న రెండో రౌటర్ అయితే భయం తక్కువ. రీసెట్ అయ్యాక అది స్టిక్కర్ మీది నంబరుకి తిరిగొస్తుంది, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి మొదటి నుంచి పెట్టుకోవచ్చు.