ప్రజాప్రతినిధుల నీతి నియమాలు: శిక్ష సరే, నివారణ ఏది?

గ్రామం ఏ రాష్ట్రపు సరిహద్దున ఉన్నా, దాని గోడు దేశానికి వినిపించవలసిన చోటు పార్లమెంటు. లోక్‌సభలో నోటిమాటగా జవాబు కోరే ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే. వాటిలో ఒకటి డబ్బుకు అమ్ముడుపోతే, ఏదో ఒక ఊరి తాగునీటి ప్రశ్న వెనుకబడినట్లే.

2005 డిసెంబరులో ఇట్టి అమ్మకాన్ని దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ప్రశ్నలు అడిగేందుకు డబ్బు తీసుకున్నారని 10 మంది లోక్‌సభ సభ్యులను, ఒక రాజ్యసభ సభ్యుని సభల నుండి బహిష్కరించారు. ఆ బహిష్కరణ చెల్లుతుందని 2007లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఓటు అమ్మకం విషయంలో మార్పు ఆలస్యమైంది. 1993 నాటి అవిశ్వాస తీర్మానానికి సంబంధించిన ముడుపుల కేసులో, లంచం తీసుకొని సభలో ఓటు వేసిన సభ్యునికి రాజ్యాంగపు 105వ అధికరణం రక్షణ ఇస్తుందని 1998లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో తేల్చింది. లంచం పుచ్చుకొని ఓటు వేయని వానికి మాత్రం ఆ రక్షణ లేదన్నది! ఈ వింత తీర్పును 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. లంచం పుచ్చుకోవడంతోనే నేరం పూర్తవుతుందని స్పష్టం చేసింది.

ఇంతటితో చాలునా? చాలునని కొందరి వాదన: బహిష్కరణ ఉన్నది, న్యాయస్థానం ఉన్నది, రాజ్యసభలో 1997 నుండి, లోక్‌సభలో 2000 నుండి నైతిక విలువల సంఘాలు ఉన్నాయి. చాలదనే వారు వేరొక సంగతి చూపుతారు. ఆ సంఘాలలో కూర్చునేది సభ్యులే. తోటివారిపై తోటివారే తీర్పరులు. పైగా ఇవన్నీ తప్పు జరిగిన తరువాతి మందులు.

ముందుగా కాపాడేది బహిరంగత. రాజ్యసభ సభ్యులు తమ వ్యాపార, వృత్తి ప్రయోజనాలను ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. లోక్‌సభలో అట్టి రిజిస్టరు లేదు. కంపెనీల తరఫున పైరవీ చేసేవారు ఎవరిని కలిశారో, ఎంత ఖర్చు పెట్టారో చెప్పమనే చట్టమూ లేదు. అమెరికాలో 1995 నుండి అట్టి చట్టం ఉన్నది. మన దేశంలో ఒడిశాకు చెందిన సభ్యుడు కాళికేశ్ సింగ్‌దేవ్ 2013లో లోక్‌సభలో ఇందుకై ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

సభ్యుని కలిసి కోరిక చెప్పుకోవడం తప్పు కాదు. చెరువు పూడిక తీయించమని రైతులు వెళ్లడమూ ఒక విధమైన పైరవీయే. కాబట్టి నియమం రైతుకు అడ్డుగోడ కారాదు. చాటుగా నడిచే సొమ్మును వెలుగులోకి తేవాలి. ఓటరు చేతిలో నేడున్నది అభ్యర్థి నామినేషనుతో దాఖలు చేసే ఆస్తుల ప్రమాణపత్రం. దానిని చదివి, ఓటు అడుగ వచ్చిన వారిని “గెలిచిన తరువాత మీ ప్రయోజనాలనూ ఇట్లే బయటపెడతారా?” అని ప్రశ్నించడం ప్రతి కుటుంబానికీ సాధ్యమే.