చేతికంటె ముందు కన్ను

గోదావరి డెల్టాలో అనేక గ్రామములకు దారి యనగా కాలువగట్టే. 1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పనికి పూనుకొనెను. 1852 నాటికి ఆనకట్ట నిలిచినది. దాని వెంట కాలువలు తూర్పు, మధ్య, పడమటి డెల్టాలలోనికి సాగినవి. అవి చేలకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నిచ్చినవి. తాడు భుజమున వేసికొని పడవను లాగుచు మనుష్యులు నడచిన గట్లమీదనే కాలక్రమమున ఎడ్లబండ్లు, సైకిళ్లు, బస్సులు, లారీలు నడువసాగినవి. ఒకప్రక్క నీరు, ఒకప్రక్క పల్లపుచేను, నడుమ సన్నని తారురోడ్డు. మనిషి నడకకు తగినట్లు వంపులు తిరిగిన ఆ గట్టుపై నేడు మోటారు సైకిళ్లు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నవి. వానిలో కొన్నింటిని నడుపువారు ఇంకను పదవ తరగతి దాటనివారు.

దీనికి ప్రతి యింటను ఒక కారణము దొరకును. కళాశాల దూరము, బస్సు వేళకు రాదు, తండ్రి చేనిలో నున్నాడు, బండి అరుగుప్రక్కన ఊరక నిలిచియున్నది. పిల్లవాడు దానిని తీయును. వెనుక ఇద్దరు స్నేహితులు ఎక్కుదురు. ఎవరైన అడిగినచో, "మావాడికి చేయి తిరిగిందండీ, భయం లేదు" అని పెద్దలు సంతోషముతోనే చెప్పుదురు. చేయి తిరిగిన మాట నిజమే కావచ్చును. క్లచ్చి, గేరు, బ్రేకు వారము దినములలో చేతికి, కాలికి అలవడును. కాని కన్ను తిరిగినదా? ఆగియున్న బస్సు ముందునుండి ఒక బిడ్డ పరుగెత్తి రావచ్చునని ఆ కంటికి తెలియునా? ప్రాణములు నిలుచుట ఈ ప్రశ్నపై ఆధారపడియున్నది.

కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై నున్నవారు. శిరస్త్రాణము ధరింపక మరణించినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. ఒకరి తొందరపాటునకు మరియొకరు మూల్యము చెల్లించుట ఎంత సామాన్యమో ఈ అంకెయే చెప్పుచున్నది.

చట్టము మౌనముగా లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారు బహిరంగ స్థలములో మోటారు వాహనము నడుపరాదు. ఇంజను 50 సి.సి. మించని మోటారు సైకిలును మాత్రము 16 ఏండ్లు నిండినవారు నడుపవచ్చును. తండ్రిగారి బండి సామాన్యముగ ఆ పరిమితికి లోబడదు. 2019లో చేసిన సవరణ ఇంకను కఠినమైనది. బాలుడు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకుడు గాని వాహన యజమాని గాని తన నిర్దోషిత్వమును రుజువు చేసికొననిదే 3 సంవత్సరముల వరకు ఖైదునకు, 25,000 రూపాయల జరిమానాకు పాత్రుడగును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లభింపదు.

అయినను శిక్ష వేరు, శిక్షణ వేరు. 18 నిండిన మరునాడు అదే కుర్రవాడు నేర్చుకొనువాని లైసెన్సుకై కంప్యూటరు ముందు కూర్చుండి, గుర్తులను, నిబంధనలను గూర్చిన ప్రశ్నలలో నూటికి 60 వంతులు సరిగా చెప్పిన ఉత్తీర్ణుడగును. బొమ్మలు కంఠస్థము చేసిన చాలును. ముందు రాబోవు ఆపదను పసికట్టు చూపు అతనికి ఎచ్చట లభించును? రోడ్డుమీదనే నేర్చుకొనవలెనన్నచో ఆ పాఠమునకు రుసుము ప్రాణమే కావచ్చును. ఆపదలో పడకుండ ఆపదను నేర్పుట ఎట్లు?

ఈ సమస్య మొదట విమానములు నడుపువారికి ఎదురైనది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అను యువకుని తండ్రికి ఆర్గను వాద్యములు, పియానోలు చేయు కర్మాగార ముండెడిది. వాద్యములలోని గాలితిత్తులనే ఉపయోగించి, నేలపైననే నిలిచి అటునిటు ఒరగుచు తిరుగు చిన్న విమానపు నమూనాను అతడు 1929 నాటికి తయారుచేసెను. తొలుత దానిని పలువురు ఆటవస్తువుగ చూచిరి. 1934లో విమానముల ద్వారా టపా మోయు పని అమెరికా సైన్యముపై పడినపుడు, మంచులో, మబ్బులో యంత్రసూచికలనుబట్టి నడుపుట తెలియక కొద్ది వారములలోనే అనేకులు మరణించిరి. అప్పుడు సైన్యము లింక్ యంత్రములను ఆరింటిని కొన్నది. నేలపై నూరుమారులు తప్పినవాడు ఆకాశములో ఒకమారైన తప్పడను విశ్వాసము అచ్చట మొదలైనది.

నేటి వాహన శిక్షణ సాఫ్ట్‌వేరు ఆ యంత్రపు సంతతియే. ఇందులో రెండు తెగలు కలవు. ఒకటి, స్టీరింగు, పెడళ్లు అమర్చి తెరపై కదలు రోడ్డుమీద బండిని నడిపించునది. రెండవది, చిత్రములను చూపి ఆపద ఎచ్చట పొంచియున్నదో గుర్తింపుమని అడుగునది. చూచుటకు మొదటిది ఘనము. చేయు మేలు రెండవదానిలో అధికముగ కానవచ్చినది.

బ్రిటనులో 2002 నవంబరు నుండి లైసెన్సు కోరువారికి ఇట్టి పరీక్షయే పెట్టుచున్నారు. కారు నడుపగోరువానికి 14 చలనచిత్ర ఖండికలు చూపుదురు. ఆపద రూపొందుచున్నట్లు తోచినంతనే మీట నొక్కవలెను. ఎంత ముందుగా గుర్తించిన అన్ని మార్కులు. ఒక్కొక్క ఆపదకు అత్యధికము 5. ఊరక మీట నొక్కుచుండువానికి ఆ ఖండికలో సున్న. మొత్తము 75కు 44 రావలెను.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమువారు యువకులకొరకు ఇంకను సులభమైన పాఠము రచించిరి. తెరపై వరుసగా నిశ్చల చిత్రములు వచ్చును. విద్యార్థి తాను ఎచ్చట చూచునో అచ్చట మీట నొక్కును. లారీ ఒకటి రోడ్డు దాటుచోట ఆగియున్నది. చూడవలసినది లారీని కాదు, దాని ముందుభాగపు అంచును. కనబడని మనిషి అచ్చటనుండియే వచ్చును. తప్పు నొక్కినచో సాఫ్ట్‌వేరు పైనుండి చూచిన పటము గీసి కారణము చూపి, మరల అడుగును. కాలిఫోర్నియాలో 16 మొదలు 18 ఏండ్ల కొత్త డ్రైవర్లు ఐదువేలమందికి పైగా పాల్గొన్న పరిశీలన ఫలితములు 2016లో వెలువడినవి. ఈ పాఠము చదివిన యువకులకు తరువాతి సంవత్సరములో కలిగిన ప్రమాదములు చదువని యువకులకంటె 23.7 శాతము తక్కువ. యువతులలో అట్టి భేదము కానరాలేదు. అనగా ఇది సర్వరోగ నివారిణి కాదు. కాని ఏ వర్గమునకు తొందరపాటు అధికమో ఆ వర్గమునకే మేలుచేసినది.

దీనికి ప్రతిగా నార్వే దేశపు అనుభవ మొకటి గమనింపదగినది. గత శతాబ్దములో అచ్చటివారు కొత్త డ్రైవర్లకు జారుడు రోడ్లపై బండిని అదుపుచేయు నేర్పు బోధించిరి. యువకులలో ప్రమాదములు తగ్గుటకు మారుగ పెరిగినవి. నేర్పు వచ్చినదను ధీమా నేర్పుకంటె ముందు పరుగెత్తినది. చేయి తిరిగెనను మాటలోని అపాయ మిదియే.

కంప్యూటరు గదిగల ఉన్నత పాఠశాలలో ఇట్టి శిక్షణ నెలకొల్పుట దుస్సాధ్యము కాదు. చిత్రములు చూపు పాఠమునకు సామాన్యమైన కంప్యూటరే చాలును. స్టీరింగు అమర్చదలచినచో దానిని బల్లకు గట్టిగ బిగింపవలెను; పెడళ్లపలకను గోడకు ఆనించి యుంచవలెను. లేనిచో గట్టిగ బ్రేకు త్రొక్కిన ప్రతిసారి పలక వెనుకకు జారును. తెర కంటికి సమమైన ఎత్తున నుండవలెను. పిదప స్టీరింగును రెండువైపుల చివరకు త్రిప్పి, పెడళ్లను అడుగువరకు త్రొక్కి, సాఫ్ట్‌వేరునకు వాని కొలతలు తెలుపవలెను. ఇది మరచినచో తెరపై బండి సగము త్రొక్కుడుకే ఆగును, లేదా అసలు ఆగదు; బాలుడు తప్పుడు అలవాటు నేర్చును. ఇంకొక ముఖ్య విషయము. ఈ సాఫ్ట్‌వేరులలో పెక్కింటిని కుడివైపు నడచు దేశములవారు తయారుచేసిరి. మొదటి పాఠమునకు ముందే ఎడమవైపు నడక, కుడివైపు డ్రైవరు స్థానము, మైళ్లకు బదులు కిలోమీటర్లు అని ఏర్పాటు మార్చవలెను. ఆ వీలులేని సాఫ్ట్‌వేరును పాఠశాలలోనికి రానీయకుండుటయే మంచిది.

ఒక యంత్రమునకు ఇద్దరు విద్యార్థులుండుట మేలు. ఒకడు నడుపును, రెండవవాడు కాగితముపై వాడు చూడని వానిని వ్రాసికొనును. పదునైదు నిమిషములు చాలును. కదలు తెరను చూచి కొందరికి తల తిరుగును, వికారము పుట్టును. అట్టివారిని వెంటనే లేపి గాలికి పంపవలెను. పాఠము ముగియగానే ఉపాధ్యాయుడు "ఎంత త్వరగా చేరితివి?" అని అడుగరాదు. "నీవు చూడనిది ఏమి?" అని అడుగవలెను. రెండవవాడు తన కాగితము చదువును. పిమ్మట అదే దృశ్యము మరల నడువవలెను. వేగమునకు మార్కులు వేసిననాడు అది శిక్షణ కాదు, పందెము.

అయితే ఏ దేశపు సాఫ్ట్‌వేరులోను మన కాలువగట్టు లేదు. పడవలు క్రిందుగ పోవుటకై ఎత్తుగ కట్టిన వంతెన లేదు. దాని నెత్తి ఎక్కువరకు ఆవలనుండి వచ్చు లారీ కనబడదు. కోతలకాలమున సగము రోడ్డుమీద ఆరబోసిన ధాన్యము, దాని అంచున పెట్టిన రాళ్లు లేవు. దమ్ముచేసి వచ్చిన ట్రాక్టరు చక్రములనుండి రాలిన బురద లేదు. మార్గశిర, పుష్య మాసముల ఉదయపు పొగమంచులో వెనుక దీపము లేక పోవు కొబ్బరికాయల బండి లేదు; సందెవేళ ఇంటికి మరలు గేదెలు లేవు. ఈ కొరత తీర్చవలసినది ఉపాధ్యాయుడే. గట్టుమీద సురక్షితమైన చోట నిలిచి తీసిన ఇట్టి ఛాయాచిత్రములు ఇరువది యున్నచో, వానిని ఒకదాని వెనుక నొకటి తెరపై చూపి "ఎచ్చట చూతువు? ఎందుకు?" అని అడుగవచ్చును. మసాచుసెట్స్‌వారి పాఠములోని సారమంతయు ఈ రెండు ప్రశ్నలే.

భౌతికశాస్త్రము చెప్పువారికి ఇందులో మంచి లెక్క కలదు. చూచినది మనసున కెక్కి చేయి కదలుటకు ఒక సెకను పట్టుననుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున ఆ సెకనులో బండి 8 మీటర్లకు పైగా పోవును. పొడిరోడ్డుపై గట్టిగ బ్రేకు పడిన పిదప ఇంచుమించు 5 మీటర్లలో ఆగును. మొత్తము 14 మీటర్ల లోపు. వేగము రెట్టింపైనచో బ్రేకుదూరము నాలుగింతలగును. 60 కిలోమీటర్ల వేగమున ఒక సెకనులో సుమారు 17 మీటర్లు, బ్రేకు పడిన పిదప మరి 20 మీటర్లు. ఇప్పుడు 20 మీటర్ల దూరమున ఒక బిడ్డ రోడ్డుపైకి వచ్చినదనుకొందము. మొదటి బండి బిడ్డకు ముందే ఆగును. రెండవ బండి అప్పుడే బ్రేకు పట్టుకొన్నది. బిడ్డను తాకునాటికి దాని వేగ మింకను 55 కిలోమీటర్ల వరకుండును. చేయి ఎంత తిరిగినను ఈ లెక్క మారదు. ఒక సెకను ముందుగ చూచిన కన్నే దీనిని మార్చగలదు.

తెర నేర్పలేనివి పెక్కు కలవు. రెండు చక్రములపై తూకము నిలుపుట అది నేర్పదు. తడిసిన మట్టిపై బ్రేకు పట్టినపుడు చక్రము జారుట శరీరమునకే తెలియవలెను. అవి 18 నిండిన పిదప, లైసెన్సుతో, శిక్షకుని ప్రక్కన నేర్వవలసినవి. 2021 జులై నుండి అమలునకు వచ్చిన కేంద్ర నిబంధనలు కూడ ఈ క్రమమునే పాటించినవి. గుర్తింపు పొందు శిక్షణ కేంద్రములలో సిమ్యులేటరు, ప్రత్యేక పరీక్షాపథము ఉండవలెననియు, కారు శిక్షణ 29 గంటలలో 8 గంటలు పాఠమునకు, 21 గంటలు అభ్యాసమునకు కేటాయింపవలెననియు అవి విధించినవి. బాలుడు ఆ కేంద్రపు గడప ఎక్కుటకు ముందున్న మూడు నాలుగు సంవత్సరములు పాఠశాల చేతిలో నున్నవి.

ఆ సంవత్సరములలో బండి అక్కరలేదు. సైకిలుపై ఇంటికి పోవు విద్యార్థికి ఒక పని చెప్పిన చాలును. దారిలో కన్ను ఆననిచోట్లు మూడింటిని గుర్తుంచుకొని, ఇల్లు చేరిన పిదప పుస్తకములో వ్రాయవలెను: వంతెన నెత్తి, కొబ్బరితోట మలుపు, ఆగియున్న బస్సు ముందుభాగము. మరునాడు మరి మూడు. కొన్నాళ్లకు పుస్తకము నిండును. ఊరి గట్టంతయు ఆ బాలుని కంటిలో నిలుచును. తరువాత ఏనాడో అతడు తండ్రి బండిని హక్కుతో తీసి, శిరస్త్రాణము బిగించి, ఆ గట్టెక్కి, బస్సు ఆగియుండుట చూచి వేగము తగ్గించును. ఆ బస్సు ముందునుండి ఆనాడు ఎవరును రాకపోవచ్చును. వచ్చినను బండి అప్పటికే ఆగియుండును.