పరిచారకుడు: వైద్యమునకు మూడవ పాదము



‘శుశ్రూష’ యను మాటను మనము తఱచుగా వినుచుందుము. రోగికి చేయు సేవయే దాని యర్థమని తలంతుము. కాని ధాతువును బట్టి చూచినచో దానికి ‘వినవలెనను కోరిక’ యని యర్థము. గురువు చెప్పునది వినగోరి యాయన చెంత నిలిచి సేవించు శిష్యుని వలన ఆ పదమునకు సేవ యను నర్థము కలిగినది. పిదప రోగి చెంత నిలుచు వానికిని చెల్లినది. రోగి మూలుగును, నోటితో చెప్పలేని బాధను గూడ వినువాడే పరిచారకుడు. ఆసుపత్రులలో ఈ పనిచేయు పురుషులను గూర్చియు, వారికి మనమిచ్చుచున్న మర్యాదను గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

మన కృష్ణాజిల్లా దిగువ ప్రాంతమున, బందరు పెద్దాసుపత్రికో, గుడివాడ, అవనిగడ్డలలోని ప్రభుత్వాసుపత్రులకో ఎన్నడును పోని కుటుంబము అరుదు. బందరులో 2023వ సంవత్సరమున ప్రభుత్వ వైద్య కళాశాలయు వెలసినది. ఆసుపత్రులకు పోయినవారు రెండు విధముల పురుష పరిచారకులను చూచియుందురు. మొదటివాడు నర్సు. మూడేండ్ల జి.ఎన్.ఎం. చదువో, నాలుగేండ్ల బి.ఎస్సి. నర్సింగు చదువో ముగించి, నర్సింగు మండలి పట్టికలో పేరు నమోదు చేసికొన్నవాడు. సూదిమందు వేయుట, మందుల వేళలు చూచుట, రోగి స్థితిని వ్రాసి యుంచుట ఇతని పనులు. రెండవవాడు ఎం.ఎన్.ఓ., అనగా మేల్ నర్సింగ్ ఆర్డర్లీ. రోగిని ఎత్తుట, స్ట్రెచరుపై తీసికొనిపోవుట, ఒడలు తుడుచుట, మలమూత్రములు తీయుట ఇతని వంతు. మనము మాత్రము ఇద్దఱిని ఒక్కటే మాటతో ‘వార్డుబాయి’ యని పిలుతుము. ఏబదియేండ్లు వచ్చినను, తల నెరసినను, అతడు మనకు ‘బాయి’యే!

మన శాస్త్రకారులు ఇట్లు తలంపలేదు. చరకసంహిత సూత్రస్థానమున వైద్యమునకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడొకటి, ఔషధమొకటి, పరిచారకుడొకటి, రోగి యొకటి. అందు పరిచారకునిది మూడవ పాదము. అతనికి నాలుగు గుణములుండవలెనని చరకుడు విధించెను: ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియం దనురాగము, శుచిత్వము. సుశ్రుతుడు మరియొక గుణమును చేర్చెను: పరిచారకుడు రోవత పడనివాడై యుండవలెను. నాలుగుకాళ్ల మంచమున కొకకాలు విఱిగినచో తక్కిన మూడును నిలువవు గదా! ఆ కాలిని మనమే తన్నుచున్నామేమో యోచింపుడు.

అతడు చేయు పనిలో విద్య యేమున్నదని కొందఱడుగుదురు. ఒక యుదాహరణము. కదలలేని రోగిని రెండేసి గంటల కొకమాఱు ప్రక్క మార్చవలెను. ఏల? ఒకే చోట ఒత్తిడి నిలిచినచో అచ్చట రక్తప్రసారము తగ్గి, చర్మము కమిలి, లోపలి కండ చివికి పుండగును. తుంటి, నడుము క్రింది భాగము, మడమ దీనికి ముఖ్యస్థానములు. ఒకసారి పుండు లోతుగా పడినచో మానుటకు నెలలు పట్టును. విషమించి ప్రాణము మీదికి వచ్చుటయు కలదు. మార్చునపుడు రోగిని ఈడ్వరాదు, ఎత్తి మార్చవలెను. ఈడ్చినచో పలుచని చర్మము చిట్లును. ఇది తెలిసి చేయుట విద్య కాదా?

మరియొకటి. 2018వ సంవత్సరము వర్షకాలమున దివిసీమలో పాముకాట్లు పెచ్చు పెరిగి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుసగా వచ్చిన సంగతి మీరెఱుగుదురు. విషమునకు విరుగుడు మందు సీసాలో నున్నది, నిజమే. కాని పొలము నుండి తెచ్చిన మనిషిని నడిపింపక ఎత్తి మంచమున చేర్చువాడెవడు? మందు ఎక్కుచుండగా కనుఱెప్పలు వాలుచున్నవా, ఊపిరి తగ్గుచున్నదా యని ప్రక్కన కూర్చుండి కనిపెట్టుచుండువాడెవడు? డాక్టరు పదిమంది రోగులను చూడవలసినవాడు. ఆ రాత్రి ఆ యొక్కనిని కాచువారు నర్సును, పరిచారకుడును.

ఇపుడు నా తప్పు నేను చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట కాలుజాఱి పడి, తుంటియెముక విఱిగి, ఒక ఆసుపత్రిలో పండ్రెండు దినములుంటిని. నాకు సేవచేయుటకు నలువది యేండ్ల పరిచారకుడొకడు వచ్చుచుండెను. నన్ను చూడవచ్చిన మా బంధువు ‘ఒరే, ఇటు రా’ యని యతనిని పిలిచెను; నేను వారింపనైతిని. అంతకంటె హీనమైనది వినుడు. మలపాత్ర తీసిన చేతులను సబ్బుతో కడిగికొని యతడు మంచినీరు తెచ్చి యీయగా, పుచ్చుకొనక, బంధువు వచ్చువఱకు గంటసేపు దప్పికతో పడియుంటిని. ముప్పదియేండ్లు పిల్లలకు నీతిపాఠములు చెప్పిన నోరది!

ఆఱవనాడు నా పాదములు తుడుచుచు అతడు ఆగెను. ఎడమ మడమపై ఎఱ్ఱని మచ్చ యొకటి కనబడినది. నాకు నొప్పి లేదు. ‘నొప్పి లేకున్నా ఇది మంచిది కాదండి’ యని యతడు వెంటనే నర్సమ్మకు చెప్పి, పిక్క క్రింద మెత్త పెట్టి మడమ పరుపునకు తగులకుండ లేపి యుంచెను. మూడు దినములలో మచ్చ మాసినది. నాకే వినబడని బాధను విన్నవాడతడు. తొమ్మిదవనాడు గాని నేనతని పేరడుగలేదు. పేరు చెప్పి, తనది దివిసీమలో నొక పల్లె యనెను. ‘ఊళ్లో ఏమని చెప్పితివి?’ అంటిని. ‘బందరులో ఉద్యోగమని మాత్రం చెప్పానండి మాస్టారూ. ఏ పనో చెప్పలేదు’ అనెను. ఆ మాట నేటికిని నన్ను విడువదు.

ఇది ఆడువారి పనియని వంక పెట్టువారు కలరు. చరిత్ర అట్లు చెప్పదు. మధ్యయుగమున యెరూషలేము ఆసుపత్రిలో రోగుల సేవకు పూనుకొన్న సంఘము యోధులదే. ఫ్లారెన్సు నైటింగేలు 1854లో క్రిమియా యుద్ధమునకు పోవు వఱకు, ఆంగ్లసైన్యమున గాయపడినవారికి పరిచర్య చేసినది ఎక్కువగా మగ సిపాయిలే. ఆమె పిదప ఆ వృత్తి స్త్రీల పేరనే ప్రసిద్ధి కెక్కి, పురుషుడు ప్రక్కకు నెట్టబడెను. ఇంగ్లండులో 1919 నాటి చట్టము పురుష నర్సులను వేఱు పట్టికలో వ్రాసినది. అచ్చటి నర్సుల కళాశాల సంఘము 1960 వఱకు వారిని సభ్యులుగా చేర్చుకొనలేదు. మన దేశమున మహాత్ముడు 1899లో దక్షిణాఫ్రికా యుద్ధమున సుమారు 1,100 మంది భారతీయులతో గాయపడినవారిని మోయు దళమును నడపెను. అచ్చటనే ఒక చిన్న ధర్మాసుపత్రిలో ప్రతిదినము కొంతసేపు సేవ చేసెను. ఆయన పౌరుషమునకు దాన కొఱత కలిగినదా?

పరిచారకుని కష్టములు పలువిధములు. బరువు లెత్తి నడుము పోవును. రోగికి గ్రుచ్చిన సూది పొరపాటున తనకు గ్రుచ్చుకొన్నచో కామెర్ల వంటి వ్యాధులు సోకవచ్చును. 2020, 2021 సంవత్సరములలో కరోనా వచ్చినపుడు కన్నబిడ్డలే దరిజేరని రోగుల చెంత వీరు నిలిచిరి. పలువురు కాంట్రాక్టు పద్ధతిపై పనిచేయువారు; జీతము స్వల్పము, అదియు వేళకు రాని సందర్భములు కలవు. స్త్రీల వార్డులో పురుషుడు సేవచేయుటకు హద్దులున్నవి. ఆ హద్దులు న్యాయమైనవే. స్త్రీరోగి సమ్మతియు, స్త్రీ నర్సు సమక్షమును ఉండవలసినదే. కాని హద్దును పాటించువానిని దొంగచూపుల వానిగా అనుమానించుట న్యాయము కాదు.

‘వారు చేయి చాచి డబ్బడుగుదురు గదా’ యని మీరనవచ్చును. అట్టివారు లేకపోలేదు. అది తప్పే, దానిని సమర్థింపను. అడిగినచో ఈయక పై యధికారికి చెప్పుడు. కాని ఒకడు చేయి చాచెనని పదిమందిని తిట్టుట తగదు. రోగి మరణించినపుడు దుఃఖము కోపముగా మాఱి, చేతికందిన పరిచారకునిపై పడుటయు చూచుచున్నాము. వైద్యసేవలో నున్న వారిపై దౌర్జన్యమును నివారించుటకు మన రాష్ట్రమున 2008లో చట్టము చేయబడినది. దానిక్రింద కారాగారశిక్ష కలదు. కాని చట్టము చేయిని ఆపగలదు గాని, నోటిని మార్చలేదు. నోటిని మార్చవలసినది పెద్దలు.

1977 నవంబరు 19వ తేదిన దివిసీమను సముద్రము ముంచినది. దాదాపు 10,000 మంది పోయిరి. ఆ పిదప దినములలో ఎక్కడెక్కడి నుండియో వచ్చినవారు, కులము గోత్రము అడుగక, మన శవములను మోసిరి. వారికి మనము చేతులెత్తి మ్రొక్కితిమి. చచ్చినవారిని ముట్టినవానికి మ్రొక్కిన మనము, బ్రదికియున్న మన తండ్రిని ముట్టి కడుగువానిని ‘ఒరే’ యనుట ఏమి ధర్మము?

కావున పెద్దలకు నా మనవి యిది. ఆసుపత్రికి పోయినచో మొదటిదినముననే పరిచారకుని పేరడుగుడు. పెద్దవాడైనచో ‘గారూ’ యని, చిన్నవాడైనచో ‘బాబూ’, ‘నాయనా’ యని పిలువుడు. రోగికడ ఒక్కరు నిలిచి, తక్కినవారు వెలుపల నుండుడు. ప్రక్క మార్చునపుడు ఒక చేయి సాయము పట్టుడు. అతడిచ్చిన నీరు త్రాగుడు. మీ యూరి కుఱ్ఱడు నర్సింగు చదివెదనన్నచో వెక్కిరింపకుడు. అట్టివానికి పిల్లనిచ్చుటకు వెనుదీయకుడు. ఆ పల్లెలో ఎవరో నలుగురు పెద్దలు అడ్డుచెప్పక యుండినచో, నాకు సేవచేసిన యతడు తన పని పేరు దాచుకొనవలసిన యగత్యము కలుగకుండెడిది.