తలరాతా? భయం రాసిన రాతా?

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర పేరు వినగానే పోతన గుర్తుకొస్తాడు. 15వ శతాబ్దంలో ఆయన తెలుగులో రాసిన భాగవతం దశమ స్కంధంలోని కంసుని కథ మన ప్రాంతంలో తెలియనివారు అరుదు.

చెల్లెలు దేవకిని అత్తవారింటికి పంపుతూ కంసుడే స్వయంగా రథం తోలాడు. ఆమె ఎనిమిదవ బిడ్డ చేతిలో అతనికి చావు ఉందని దారిలో ఆకాశవాణి పలికింది. ఆ మాటతో అన్న మనసు మారిపోయింది. చెల్లెలినీ బావనూ చెరలో పెట్టాడు, పసికందులను చంపాడు. కృష్ణుడు మేనమామ నీడన పెరగవలసినవాడు, రేపల్లెలో నందుని ఇంట పెరిగాడు. చివరికి అక్రూరుణ్ణి పంపి అతణ్ణి మధురకు పిలిపించింది కంసుడే. భాగవతం దృష్టిలో ఇదంతా దైవ సంకల్పం. కంసుని వైపు నుంచి చూస్తే, చావును తప్పించుకోవాలని వేసిన ప్రతి అడుగూ అతణ్ణి చావుకే చేర్చింది.

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు నాటకకర్త సోఫొక్లిస్ రాసిన ఈడిపస్ కథ కూడా ఇలాంటిదే. కొడుకు చేతిలో చస్తావన్న జోస్యానికి భయపడి, థీబ్స్ రాజు బిడ్డను కొండమీద పారవేయించాడు. ఆ బిడ్డ కొరింథులో వేరే తల్లిదండ్రుల వద్ద పెరిగాడు. అందుకే దారిలో ఎదురైన కన్నతండ్రిని గుర్తుపట్టలేక చంపాడు.

ఆదికాండములో యోసేపు అన్నలు చేసిందీ అదే. తమ్ముని కలలు నెరవేరకూడదని 20 వెండి నాణెములకు అతణ్ణి అమ్మేశారు. ఆ అమ్మకమే యోసేపును ఐగుప్తుకు చేర్చింది. కరవు కాలంలో వారు అక్కడికే వెళ్లి అతని ముందు సాగిలపడ్డారు. అయితే ఈ కథ పగతో ముగియదు. వారు తలపెట్టిన కీడును దేవుడు మేలుగా మార్చాడని యోసేపు గ్రహించి, అన్నలను క్షమించాడు.

అమెరికా సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో దీన్ని మామూలు జీవితానికి అన్వయించి వివరించాడు. బాగా నడుస్తున్న బ్యాంకు మునిగిపోతోందని పుకారు పుడుతుంది. అందరూ ఒక్కసారిగా డబ్బు తీసుకోవడానికి ఎగబడతారు. బ్యాంకు నిజంగానే మునిగిపోతుంది. పుకారు అబద్ధమే, దాన్ని నమ్మి చేసిన పని దాన్ని నిజం చేసింది.

మన ఇళ్లలోనూ ఇది జరుగుతుంది. పదవ తరగతి తప్పిన పిల్లవాణ్ణి "వీడి నుదుటిరాత ఇంతే" అంటాం. ఆ తర్వాత ఫీజు కట్టడానికి వెనకాడతాం, పుస్తకం పట్టినా నవ్వుతాం. కొన్నాళ్లకు వాడూ ఆ మాట నమ్మి చదువు మానేస్తాడు. "మేం ముందే చెప్పాం కదా" అంటాం. చెప్పడమే కాదు, చేసిందీ మనమే.

దీనికి విరుగుడు యోనా గ్రంథంలో ఉంది. 40 దినాల్లో నీనెవె నాశనమవుతుందని ప్రవక్త ప్రకటించాడు. ఆ పట్టణస్థులు ఎవరినీ చంపలేదు, పారిపోలేదు. రాజు మొదలుకొని అందరూ తమ చెడు నడత విడిచారు. పట్టణం నిలిచింది. తన మాట నెరవేరలేదని యోనా కోపగించుకున్నాడు గాని, ఆ హెచ్చరిక ఉద్దేశం నెరవేరింది.

తీర్పులా వినిపించే మాట కూడా మార్పుకు పిలుపు కావచ్చని నీనెవె నేర్పుతుంది. ప్రియ పాఠకులారా, మన పిల్లల గురించి, పొరుగువారి గురించి నోరు తెరిచే ముందు ఆలోచిద్దాం. మన మాట వారికి తలుపు మూస్తోందా, దారి చూపుతోందా?